చరిత్ర – మనోగాయం

1916వ సంవత్సరం అక్టోబరు నెలలో ఒకనాడు, తెల్లవారు సమయంలో, ఫ్రాన్సు దేశపు యుద్ధరంగంలో హారీ ఫార్ అనే ఇరవై అయిదేండ్ల బ్రిటిషు సిపాయిని అతని సైన్యంవారే నిలబెట్టి కాల్చివేశారు. శత్రువు ఎదుట పిరికితనం చూపినాడన్నది అతనిపై మోపిన నేరం. ముందువరుసకు పొమ్మని ఆజ్ఞాపిస్తే అతడు పోలేదు. తన వల్ల కాదన్నాడు. అంతకు ముందటి సంవత్సరం ఫిరంగి గుండ్ల మ్రోతకు నరాలు చెడి అయిదు నెలలు ఆసుపత్రిలో పడివున్నవాడు అతడు. సైనిక న్యాయస్థానంలో అతని పక్షాన వాదించేవారు ఎవరూ లేరు. విచారణ కొద్ది నిమిషాలలో ముగిసినది. అతని భార్య ఆ అవమానాన్ని లోలోపలే దాచుకొని బిడ్డను పెంచినది. తండ్రి ఎట్లా చనిపోయినాడో ఆ కుమార్తెకు పెద్దదయిన తరువాత గాని తెలియలేదు.

తొంబై సంవత్సరాలు గడిచినవి. 2006లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసి, ఆ యుద్ధంలో పిరికితనం, విధి విడిచి పారిపోవడం మొదలైన నేరాలకు ప్రాణాలు కోల్పోయిన 306 మంది సిపాయిలకు క్షమాదానం ఇచ్చినది. ఫార్ వారిలో ఒకడు.

ఈ తొంబై ఏండ్లలో మారినదేమిటి? విచారణ కాగితాలు ఆనాటివే. కొత్త సాక్షులెవరూ లేచి వచ్చి వాఙ్మూలం ఇవ్వలేదు. మారినది ఆ కాగితాలను చదివే కన్ను. 1916లో 'పిరికితనం' అని కనిపించిన ప్రవర్తన 2006 నాటికి 'గాయం' అని కనిపించినది. ఆ గాయం ఒంటికి తగిలినది కాదు, మనస్సుకు తగిలినది. మానసిక శాస్త్రం దీనిని 'ట్రామా' అంటున్నది. తెలుగులో మనోగాయం అనవచ్చును.

ఒక సిపాయి విషయంలో చరిత్ర తన తీర్పును ఈ విధంగా దిద్దుకొన్నది. మరి ఒక నగరం, ఒక జాతి, ఒక యుగం విషయంలో కూడ ఈ భావాన్ని ఉపయోగించవచ్చునా? ఉపయోగిస్తే ఎంతవరకు? ఈ ప్రశ్న గత డెబ్బై సంవత్సరాలుగా చరిత్రకారులను ఆలోచింపజేస్తున్నది. దానిని గురించి కొంత ముచ్చటించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఆ మాట కథ తెలుసుకొందాము. గ్రీకు భాషలో 'ట్రామా' అంటే గాయం. చిరకాలం అది శస్త్రవైద్యుల మాటగానే ఉన్నది. కత్తివేటుకూ, విరిగిన ఎముకకూ చెల్లిన మాట మనస్సుకు ఎట్లా వచ్చినది? ఆశ్చర్యమేమంటే, రైలుబండి వల్ల వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో రైలుమార్గాలు వ్యాపించిన కొద్దీ ప్రమాదాలు కూడ జరగసాగినవి. ప్రమాదంలో ఒంటి మీద గీత అయినా పడని ప్రయాణీకుడు లేచి, దుమ్ము దులుపుకొని, నడిచి ఇంటికి పోయేవాడు. కొన్ని దినాలకు అతనికి నిద్ర పట్టేది కాదు. చేతులు వణికేవి. పని మీద మనస్సు నిలిచేది కాదు. లండనులోని శస్త్రవైద్యుడు ఎరిక్సన్ 1866లో ఇటువంటి రోగులను గురించి ఒక గ్రంథం ప్రకటించి, కుదుపుకు వెన్నుపాము దెబ్బతినడమే దీనికి కారణమన్నాడు. రైలు కంపెనీలపై నష్టపరిహారపు దావాలు పడినవి. కంటికి కనిపించని గాయానికి సొమ్ము ఎట్లా చెల్లించేదని కంపెనీల వాదం. అది నటన కావచ్చునని కూడ వారి అనుమానం. మనోగాయం అనే భావం ఇట్లా పుట్టుకతోనే కోర్టుకెక్కినది. నిజమా, నటనా అన్న ఆ సందేహం దానిని ఈనాటికీ పూర్తిగా విడువలేదు.

ఆ తరువాత పారిస్‌లో షార్కో, వియన్నాలో ఫ్రాయిడ్ మొదలైనవారు, దెబ్బ వెన్నుపాముకు కాదు, భయానికి లోనైన మనస్సుకే తగిలినదని వాదించారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినది. కందకాలలో నెలల తరబడి గుండ్లవర్షం కింద కూర్చున్న యువకులు మూగవారైనారు, కాళ్ళు పడిపోయినవారైనారు, రాత్రులు కేకలు పెడుతూ లేచినారు. 1915లో ఛార్లెస్ మైయర్స్ అనే మానసిక శాస్త్రజ్ఞుడు వైద్యపత్రిక 'లాన్సెట్'లో ఈ రోగాన్ని వర్ణిస్తూ 'షెల్ షాక్' అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. బ్రిటిషు సైన్యంలోనే సుమారు 80,000 మంది ఈ రోగానికి గురియైనారని లెక్క. అయితే వీరిలో చాలామంది గుండు పేలిన చోటికి దగ్గరలో లేనివారు. అందువల్ల ఆ పేరు సరియైనది కాదని మైయర్సే తరువాత అనుకొన్నాడు.

ఎడింబరో సమీపాన క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో ఇటువంటి సైనికాధికారులకు చికిత్స చేసిన వైద్యుడు రివర్స్. ఈయన దక్షిణ భారతానికి కొత్తవాడు కాడు. 1901–02లో నీలగిరులకు వచ్చి తోడా జాతివారి మధ్య మెలగి, వారి ఆచారాలను గురించి 1906లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించిన పండితుడే ఈ రివర్స్. చూచినదానిని మరచిపొమ్మని సైనికులకు చుట్టూ ఉన్నవారు చేసే హితబోధే వారికి హాని చేస్తున్నదని ఈయన గ్రహించాడు. బలవంతాన అణచిన జ్ఞాపకం పగలు అణగినా రాత్రి కలలో లేచి వస్తున్నదనీ, దానిని మెల్లగా మాటలలోకి తేవడమే మేలనీ 1917లో వైద్యుల సభలో వివరించాడు. 1920లో ఫ్రాయిడ్ ఈ కలలనే తలచి ఒక చిక్కు ప్రశ్న వేశాడు: మనస్సు సుఖాన్ని కోరేదయితే, అన్నిటికంటె బాధాకరమైన క్షణానికే అది మరల మరల ఎందుకు పోతున్నది?

దుఃఖానికీ మనోగాయానికీ భేదమున్నది. ఆప్తులు పోతే మనం ఏడుస్తాము. ఏమి పోయినదో మనకు తెలుసు. కాలం గడచిన కొద్దీ ఆ సంఘటన గతంలోకి జరుగుతుంది. మనోగాయం అటువంటిది కాదు. సంఘటన జరిగిన వేళ మనస్సు దానిని పూర్తిగా గ్రహించలేకపోతుంది. అందుచేత అది గతంగా మారదు. తలుపు దబ్బున పడితే చాలు, ఇప్పుడే జరుగుతున్నట్లు తిరిగి వస్తుంది. దాని లక్షణాలు ముఖ్యంగా మూడని చెప్పవచ్చును: ఆలస్యంగా బయటపడడం, మరల మరల తిరిగి రావడం, మాటలకు లొంగకపోవడం. వియత్నాం యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికుల అనుభవం కూడ తోడై, 1980లో అమెరికా మనోరోగ వైద్యుల సంఘం తన రోగాల పట్టికలో దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చినది.

ఇప్పుడు చరిత్ర వైపు తిరుగుదాము. 1957 డిసెంబరులో న్యూయార్కులో అమెరికా చరిత్రకారుల మహాసభ జరిగినది. అధ్యక్షుడు హార్వర్డ్ ఆచార్యుడు విలియం లాంగర్. రాయబారాలు, సంధి పత్రాలు, దేశాల మధ్య పొత్తులు ఆయన విద్య. అటువంటివాడు లేచి, చరిత్రకారులు ఇకముందు చేపట్టవలసిన పని మానసిక శాస్త్రాన్ని ఆశ్రయించి మానవచరిత్రను మరింత లోతుగా అర్థం చేసుకోవడమేనని చెప్పగా సభ్యులు ఆశ్చర్యపోయి ఉంటారు. ఏ ఒక్క నాయకుని మనస్తత్వంతోనో ఆయన ఆగలేదు. ఒక సమాజమంతా ఒకేసారి భరించరాని విపత్తుకు లోనైతే ఆ దెబ్బ తరతరాల మనఃప్రవృత్తిలో కనిపించదా అని అడిగాడు. అందుకు ఉదాహరణగా పదునాలుగవ శతాబ్దంలో ఐరోపాను పాడుచేసిన ప్లేగును తీసుకొన్నాడు.

'బ్లాక్ డెత్' అని పేరుపడిన ఆ మహామారి 1347లో సిసిలీ ద్వీపపు రేవులలో దిగి, నాలుగైదు సంవత్సరాలలో ఐరోపా జనంలో మూడవ వంతును, కొందరి లెక్కలో అంతకంటె ఎక్కువమందిని తీసుకొనిపోయినది. అది ఒక్కసారి వచ్చి పోయినది కాదు. తరానికి ఒకటి రెండు సార్లు తిరిగి వచ్చినది. ఇటలీలోని సియెనా నగరవాసి ఆన్యోలో ది తూరా తన అయిదుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చుకొన్నానని వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ నగరంలో 1339లో ప్రధాన దేవాలయాన్ని బ్రహ్మాండంగా విస్తరింపజేయ పూనుకొన్నారు. ప్లేగుతో ఆ పని ఆగినది. పైకప్పు లేని ఆ గోడలు ఈనాడు కూడ అక్కడ నిలిచి ఉన్నవి. జనం గుంపులు కట్టి ఊరూరా తిరుగుతూ తమ వీపులను తామే కొరడాలతో చీల్చుకొన్నారు. ఆ తరువాతి కాలపు చిత్రాలలో, శిల్పాలలో, కుళ్ళిన శవమూ, నర్తించే అస్థిపంజరమూ విరివిగా కనిపించినవి. లాంగర్ దృష్టిలో ఇవన్నీ సామూహికమైన మనోగాయపు ఆనవాళ్ళు. ఇంతటి మృత్యువును దేవుని ఆగ్రహంగా తప్ప అర్థం చేసుకోలేని జనం, అపరాధభావంతోను, ఏ క్షణాన ఏమి మూడునో అన్న భయంతోను బ్రతికారని ఆయన వాదం.

ఈ వాదం ఆకర్షణీయమైనది. ఆకర్షణీయమైనది గనుకనే జాగ్రత్తగా పరీక్షించవలసి ఉన్నది.

పీసా నగరంలో కాంపోసాంతో అనే శ్మశానవాటిక ఉన్నది. దాని గోడ మీద 'మృత్యు విజయం' అనే గొప్ప చిత్రం వ్రాసి ఉన్నది. వేటకు బయలుదేరిన రాజకుమారులు దారిలో మూడు శవపేటికలను చూచి నిలిచిపోతారు. వారి గుర్రాలు మెడలు చాచి బెదురుతవి. ఒక ప్రక్క తోటలో యువతీయువకులు సంగీతంలో మునిగి ఉంటారు. వారి మీదికి కొడవలి పట్టిన మృత్యువు రెక్కలతో దిగుతూ ఉంటుంది. తమను తీసుకొని పొమ్మని ప్రార్థించే కుంటివారినీ గ్రుడ్డివారినీ మాత్రం అది కన్నెత్తి చూడదు. ప్లేగును కళ్ళారా చూచినవాడు తప్ప ఇటువంటి బొమ్మ వ్రాయలేడని ఎవరికైనా తోస్తుంది. ఆ తోచినదే విద్వాంసులు కూడ నమ్మారు. ప్లేగు తరువాత ఇటలీ చిత్రకళ కఠినంగా, విరక్తంగా మారినదని 1951లో ఒక ప్రసిద్ధ గ్రంథం వ్రాసిన మిలార్డ్ మీస్ ఈ చిత్రాన్ని 1350 ప్రాంతానిదిగా తలచాడు. కాని తరువాతి పరిశోధనలో వేరొక సంగతి తేలినది. 1974లో లూసియానో బెల్లోసి అనే ఇటలీ విద్వాంసుడు, ఇది బఫల్మాక్కో అనే చిత్రకారుడు 1330 దశకంలో వ్రాసినదని నిరూపించబూనాడు. నేడు పండితులు ఎక్కువగా దీనినే అంగీకరిస్తున్నారు. అంటే ప్లేగు వచ్చుటకు పది సంవత్సరాల ముందే ఆ చిత్రం గోడ మీద ఉన్నది! గాయం తగలక ముందే మచ్చ ఉన్నదన్నమాట.

ఈ ఒక్క ఉదాహరణ మనకు ఎంతో నేర్పుతుంది. మృత్యువును గురించిన ఆ చింతన ప్లేగుతో పుట్టలేదు. అంతకు ముందే మత బోధకుల మాటలలో ఉన్నది. సియెనా చిత్రకళ మారిన మాట నిజమే. కాని ఆ నగరపు మేటి చిత్రకారులైన లోరెంజెత్తి సోదరుల జాడ 1348 తరువాత కనిపించదు. వారు ప్లేగులోనే పోయారని పలువురి అభిప్రాయం. గురువులు పోయినప్పుడు శైలి మారడానికి మనోగాయమే కారణం కానక్కరలేదు. ఆగిపోయిన దేవాలయానికి కూడ అంతే. కూలీలు లేరు, ధనం లేదు, కట్టిన భాగంలోనే లోపాలు బయటపడినవి. పైగా బ్రతికినవారందరూ కుంగిపోలేదు. పనివారు తగ్గినందున కూలి పెరిగినది. పెరిగిన కూలిని అణచడానికి ఇంగ్లండు ప్రభువులు 1351లో శాసనమే చేయవలసి వచ్చినది. 1381లో అక్కడి రైతుజనం తిరుగుబాటు చేశారు. ఒకే విపత్తు కొందరికి భయాన్ని ఇస్తే కొందరికి ధైర్యాన్ని ఇచ్చినది. 'యుగమంతా గాయపడినది' అన్న ఒక్క మాటలో ఈ భేదాలన్నీ మరుగున పడిపోతవి.

ఇంతకంటె బరువైన చిక్కు మరొకటి ఉన్నది. ప్లేగు కాలంలో, యూదులు బావులలో విషం కలిపారన్న వదంతి లేచి, పలు నగరాలలో వారిని ఊచకోత కోశారు. భీతిల్లిన జనం ఒళ్ళు తెలియక చేసిన పని ఇదని చెప్పడం సులభం. స్ట్రాస్‌బర్గ్ నగరంలో 1349 ఫిబ్రవరి 14న వందలాది యూదులను తగులబెట్టారు. అప్పటికి ప్లేగు ఆ నగరంలో అడుగే పెట్టలేదు! ఇంకా తగలని దెబ్బను చూపి ఆ పనిని ఎట్లా సమర్థిస్తాము? యూదులను కాపాడజూచిన పాత పాలకులను తొలగించి, వృత్తిసంఘాల బలంతో కొత్తవారు అధికారానికి వచ్చిన దినాలవి. యూదులకు చెల్లవలసిన అప్పులు వారితోపాటే రద్దయినవి. ఇక్కడ భయం లేకపోలేదు. దానితోపాటు లెక్క కూడ ఉన్నది. చరిత్రకారుడు తొందరపడి మనోగాయమనే మాట వాడితే, హంతకులు రోగులైపోతారు, హతులు ఆ రోగానికి లక్షణమైపోతారు. చనిపోయినవారికి అంతకంటె పెద్ద అన్యాయం ఉండదు.

306 మంది సిపాయిలకు క్షమాదానం ఇచ్చిన చట్టం ఈ విషయంలో చూపిన వివేకం గమనింపదగినది. వారందరూ మనోరోగులేనని అది చెప్పలేదు. తొంబై ఏండ్ల దూరం నుండి నాడి పట్టి చూడడం ఎవరి తరమూ కాదు. పాత తీర్పులను అది రద్దు కూడ చేయలేదు. ఆ చావుకు వారు తగినవారు కారని మాత్రం ఒప్పుకొన్నది. హత్యానేరానికి శిక్ష పొందినవారిని అందులో చేర్చలేదు.

కాలంతో వచ్చే చిక్కు కూడ ఒకటున్నది. మనస్సు తన బాధను చెప్పుకొనే తీరు అన్ని కాలాలలోను ఒకటి కాదు. మొదటి యుద్ధపు సిపాయికి మాట పడిపోయేది, కాలు పడిపోయేది. తరువాతి కాలపు సిపాయికి పాత దృశ్యం మెలకువలోనే కన్నుల ముందు నిలుస్తున్నది. ఎడ్గర్ జోన్స్, సైమన్ వెస్లీ మొదలైన పరిశోధకులు పాత యుద్ధాల సిపాయిల పింఛను కాగితాలు వెదికి చూడగా, ఇటువంటి దృశ్యాల ప్రస్తావన వాటిలో చాలా అరుదుగా కనిపించినది. నేటి పట్టికను చేతబట్టుకొని పదునాలుగవ శతాబ్దపు మనిషిలో అవే లక్షణాలు వెదికితే, దొరికినది మన నీడే కావచ్చును.

అయితే ఈ భావాన్ని విడిచివేయవలెనా? అక్కరలేదని మా అభిప్రాయం. దానిని ఎక్కడ ఎట్లా వాడవలెనో చూపినవారు ఉన్నారు.

1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో, ఒక బొగ్గు కంపెనీ వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి, బఫెలో క్రీక్ అనే లోయ కొట్టుకొనిపోయినది. 125 మంది చనిపోయారు. సుమారు 4,000 మంది నిలువనీడ లేనివారైనారు. కయ్ ఎరిక్సన్ అనే సమాజశాస్త్రజ్ఞుడు అక్కడికి పోయి, బ్రతికినవారితో మాట్లాడి, 1976లో ఒక గ్రంథం వ్రాశాడు. ఒక్కొక్క మనిషికి తగిలే గాయం వేరు, మనుషుల నడుమనున్న బంధానికి తగిలే గాయం వేరు అన్నది ఆయన చెప్పిన ముఖ్యాంశం. మొదటిది పిడుగువలె తగులుతుంది. రెండవది తెలియకుండా నెమ్మదిగా పాకుతుంది. వరద తరువాత ప్రభుత్వంవారు నిరాశ్రయులకు తాత్కాలికపు ఇండ్లు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఎవరి ప్రక్కన ఎవరు ఉండేవారో చూడలేదు. చేయి చాచితే అందే ఇరుగుపొరుగు విడిపోయినది. ప్రమాదం నుండి బయటపడినవారిని ఆ సహాయమే రెండవసారి దెబ్బతీసినది. ఇక్కడ 'సామూహిక గాయం' వట్టి ఉపమానం కాదు. తెగిన బంధాలను పేరు పేరునా లెక్కించి చూపవచ్చును. గాయం ఎవరికి తగిలినది, ఏ దారిన వ్యాపించినది అని చెప్పగలిగినప్పుడే ఈ మాటకు శాస్త్రగౌరవం కలుగుతుంది.

ఇక మన దేశానికి వత్తాము. 1947లో దేశవిభజన జరిగినది. కోటికి పైగా జనం ఇల్లూ వాకిలీ విడిచి సరిహద్దు దాటారు. చనిపోయినవారు రెండు లక్షలని కొందరు, పది లక్షలని కొందరు అంచనా వేశారు. సుమారు 75,000 మంది స్త్రీలు అపహరణకు గురియైనారని చెబుతారు. దీనిని గురించి రాజకీయ చరిత్రలు ఎన్నో వచ్చినవి. వైస్రాయి ఏమన్నాడు, నాయకులు ఏమన్నారు అన్నది దినచర్యతో సహా మనకు తెలుసు. కాని ఆ దారిన నడిచినవారు ఏమన్నారు? చాలాకాలం వారు మాట్లాడలేదు. వారిని అడిగినవారూ అరుదే. వారి జ్ఞాపకాలను ఆధారంగా చేసుకొన్న ఊర్వశీ బుటాలియా గ్రంథమూ, రీతూ మేనన్, కమలా భాసిన్‌లు కలిసి వ్రాసిన గ్రంథమూ 1998లో గాని రాలేదు. మధ్య అర్ధశతాబ్దపు మౌనం!

ఆ మౌనం ఎట్లా వీడినదో బుటాలియా చెప్పారు. 1984లో ఢిల్లీలో సిక్కులపై హత్యాకాండ జరిగినప్పుడు ఆమె సహాయ కార్యక్రమాలలో పాల్గొన్నది. బాధితులలోని వృద్ధులు, విభజననాటి దినాలు మరల వచ్చినవని వాపోయారు. తన ఇంట్లో చిన్ననాటి నుండి వింటూ పెడచెవిని పెట్టిన కథల బరువు ఆమెకు అప్పుడు తెలిసినది. ఆలస్యంగా బయటపడడం, తిరిగి రావడం అని ముందు చెప్పిన లక్షణాలు ఇక్కడ కన్నుల ముందు కనిపిస్తున్నవి. అయితే చరిత్రకారుడు ఇక్కడ కూడ ఒక సంగతి మరువరాదు. 1984లో చెప్పిన 1947లో 1984 కూడ కలిసి ఉంటుంది. జ్ఞాపకం దస్తావేజు కాదు. గడచిన ప్రతి సంవత్సరమూ దానిపై ఒక గీత గీస్తుంది. ఆ గీతలను చదవడం కూడ చరిత్రలో భాగమే.

మన తెలుగు ప్రాంతానికి కూడ ఈ పరీక్ష వర్తింపజేసి చూడవచ్చును. 1832–33లో గుంటూరు సీమను నాశనం చేసిన కరువును జనం నందన కరువు అన్నారు. 1876–78 నాటిది ధాత కరువు. అరవై ఏండ్లకు ఒకమారు తిరిగి వచ్చే సంవత్సరం పేరును కరువుకు పెట్టుకొన్న జాతి మనది. నందన కరువులో గుంటూరు జిల్లా జనంలో సుమారు మూడవ వంతు నశించారని అంచనా. అది గాయమా? జనం నోట ఆ పేరు నిలిచినదంటే ఆ విపత్తు మరువరానిదైనదని మాత్రం తెలుస్తుంది. అంతమాత్రాన తరువాతి తరాల పొదుపుకూ, వలసకూ, దైవభక్తికీ ఆ కరువే కారణమని తేల్చరాదు. పాడుపడిన గ్రామాల లెక్కలు, శిస్తు దస్త్రాలు, కుటుంబాల కథలు, ఇవన్నీ ఒకే దిక్కు చూపితే అప్పుడు మాట్లాడవచ్చును. అంతేకాదు, దెబ్బ తిన్న తరువాత జనం ఏమి చేశారన్నది కూడ చూడవలెను. ఆ కాలపు కరువుల నష్టమే గోదావరి, కృష్ణలపై ఆనకట్టల వాదానికి బలమిచ్చినది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. గాయాన్ని మాత్రమే చూచి, కోలుకొన్న తీరును చూడని చరిత్ర సగం చరిత్రే.

ఇంతకూ తేలినదేమిటి? మనోగాయమన్నది చరిత్రకారుని చేతిలో ప్రశ్నగా ఉండవలెనే గాని తీర్పుగా ఉండరాదు. సంఘటనకు ముందే ఆ లక్షణం ఉన్నదా? దానికి వేరొక కారణం చాలునా? గాయపడినదెవరు, గాయపరచినదెవరు? ఆ బాధను ఆ కాలంవారు ఏ మాటలతో చెప్పుకొన్నారు? ఈ నాలుగింటికీ సమాధానం వెదికిన తరువాత కూడ మిగిలి ఉండే గాయం నిజమైన గాయం. ఈ ప్రశ్నలు అసలే వేయకపోతే హారీ ఫార్ ఈనాటికీ పిరికివాడే.

చివరగా, మా వృత్తికి సంబంధించిన ఒక మాట. రేడియోలో మౌనం దోషం. రెండు మూడు క్షణాలు ధ్వని రాకపోతే, పెట్టె చెడినదని శ్రోతలు మరను త్రిప్పుతారు. అందువల్ల ఎవరి అనుభవాన్నయినా ధ్వనిముద్రణ చేసినప్పుడు, మధ్యనున్న తడబాటునూ, ఆగిపోయిన చోట్లనూ కత్తిరించి, మాటకు మాట చేర్చి మీకు వినిపిస్తాము. ప్రసారానికి అది అవసరమే. కాని ఈ విషయం చదివిన తరువాత, ఆ కత్తిరించిన భాగాలను పారవేయకుండ భద్రపరచవలెనని మాకు తోచుచున్నది. వృద్ధుడొకడు వరదను గురించో, కరువును గురించో, విడిచి వచ్చిన ఊరిని గురించో చెబుతూ చెబుతూ ఒకచోట ఆగితే, చరిత్రకారునికి కావలసినది ఆ చోటే కావచ్చును.

మీ ఇండ్లలో కూడ అటువంటి పెద్దలు ఉంటారు. వారు కథ చెబుతూ నడుమ ఆగినప్పుడు, తొందరపెట్టి అడగవద్దు. లేచి పోనూ వద్దు. చెప్పదలచితే వారే చెబుతారు. చెప్పకపోతే, ఎక్కడ ఆగారో గుర్తుంచుకొనండి.